ఆగస్టులో జాయన్ పార్కు: అమ్మానాన్నలతో ఏ దారిన నడవాలి?

దారిన_పోయే_దానయ్య
మేము ఉండేది డాలస్‌లో. అమ్మానాన్నలు మే నుంచి మా దగ్గరే ఉన్నారు, నవంబరులో తిరుగు ప్రయాణం. ఆగస్టు మొదటి వారంలో లాస్ వేగస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని యూటాలోని జాయన్ నేషనల్ పార్కు చూడాలని అనుకున్నాము. పార్కు గేటు పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో మూడు రాత్రులకు గదులు తీసుకున్నాను. రద్దు చేసుకునే వీలు ఇంకా ఉంది.

నాన్నకు 69. బీపీ మాత్రలు వాడతారు, రోజూ గంటసేపు నడుస్తారు. అమ్మకు 63. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. వీళ్ళు కాక కాలిఫోర్నియా నుంచి మా బావమరిది వస్తున్నాడు. అతను వచ్చేదే నారోస్ అనే ఇరుకు గండిలో, నదిలో నడవడానికి, వీలైతే ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ ఎక్కడానికి. అందరం కలిసే నడవాలని మా ఆవిడ పట్టుదల.

చదివిన కొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకచోట చిన్నపిల్లలు కూడా నడుస్తారని రాస్తారు, ఇంకోచోట అదే దారిలో ప్రాణాలు పోయాయని రాస్తారు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళినవారు ఏ దారి, ఏ వేళ అన్నది చెప్పండి. చాలా బాగుంటుంది, తప్పక వెళ్ళండి అనే జవాబులు ఇప్పటికే బోలెడు చదివాను.

ఎర్రమట్టి
వేగస్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నవాడిగా చెబుతున్నాను, ఆగస్టు వద్దు. లోయ అడుగున మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. పైగా జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానల కాలం. నవంబరు వరకు ఉంటారంటున్నారు కదా, అక్టోబరు చివరికి మార్చుకోండి. ఎండ తగ్గుతుంది, నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఉప్పుమిరప
38కే భయపెడితే ఎలా? రెంటచింతల వాళ్ళకు అది మాఘమాసం.

ఎర్రమట్టి
రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎవరూ కొండ ఎక్కరు ఉప్పుమిరప గారూ. తలుపులు వేసుకుని ఫ్యాను కింద పడుకుంటారు. ఆ తెలివి ఇక్కడికి వచ్చేసరికి ఎక్కడ పోతుందో తెలియదు.

దారిన_పోయే_దానయ్య
అక్టోబరు కుదరదండీ. అమ్మాయికి బడి, బావమరిదికి కొత్త ఉద్యోగం. వెళితే ఆగస్టులోనే, లేదంటే లేదు. కాబట్టి ఆగస్టులో ఎలా అన్నదే చెప్పండి.

వేపపుల్ల
ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాను కాబట్టి ముందు మీ నాన్నగారి సంగతి. బీపీ మాత్రలలో కొన్ని ఒంట్లో నీటిని మూత్రం ద్వారా బయటికి పంపేవి ఉంటాయి. అవి వేసుకుని ఎడారి ఎండలో నడిస్తే తల తిరగడం, పడిపోవడం చూస్తుంటాము. ఆయన వాడేవి ఏ రకమో బయలుదేరే ముందు డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానిపించకండి.

రెండోది, మన తీరప్రాంతం ఎండకు అలవాటుపడినవాళ్ళు ఇక్కడ మోసపోతారు. విజయవాడలో చెమటకు చొక్కా తడిసిపోతుంది, దాహం తెలుస్తుంది. ఇక్కడి పొడి గాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీళ్ళు మాత్రం తగ్గిపోతుంటాయి. రోజుకు మనిషికి 4 లీటర్లు పెట్టుకోండి. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే గడగడా తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు కానీ, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కానీ దగ్గర పెట్టుకోండి. అయితే బీపీ ఉన్నవారికి ఉప్పు ఎంతన్నది కూడా ఆ డాక్టరునే అడగాలి.

ఉప్పుమిరప
మజ్జిగ ఎడారిలో ఎంతసేపు నిలుస్తుంది? మధ్యాహ్నానికి పెరుగు తోడుకుంటుందేమో.

వేపపుల్ల
మంచు గడ్డల పెట్టెలో పెట్టండి. మీకైతే ఆవకాయ ఊట సరిపోతుంది.

ఆదివారం_ప్రయాణికుడు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2026 జనవరి 1 నుంచి రుసుములు మారాయి. అమెరికాలో నివసించని వారికి, 16 ఏళ్ళు నిండినవారైతే, మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. ఇది 11 పార్కులలో. జాయన్, బ్రైస్, గ్రాండ్ కేనియన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఏడాది పాసు ఇక్కడివారికి 80, బయటివారికి 250. మీ అమ్మానాన్నలు సందర్శకులుగా వచ్చారు కాబట్టి ఈ లెక్క మీకు తగులుతుంది. మీ పాసు కిందికి వాళ్ళు వస్తారా, వేరే కట్టాలా అన్నది పార్కు వెబ్‌సైటులో ప్రశ్నలు, జవాబుల పేజీ చూసుకుని బయలుదేరండి. గేటు దగ్గర వెనక యాభై కార్లు ఆగి ఉంటే వాదించడం కుదరదు.

దారిన_పోయే_దానయ్య
ఇది నాకు తెలియనే తెలియదు. నాన్నకు చెబితే నేను కారులో కూర్చుంటాను, మీరు వెళ్ళి రండి అంటారు. చెప్పను.

పెన్నాతీరం
అంత ఖర్చు పెట్టి ఎర్ర రాళ్ళ మధ్య నది చూడటమెందుకు? వాళ్ళకు ముందు గండికోట చూపించారా? ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి, అంచున కోట, లోపల మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు. పాసు లేదు, పర్మిట్ల లాటరీ లేదు.

ఎర్రమట్టి
అంచున కంచె కూడా లేదు.

పెన్నాతీరం
కంచె ఉంటే ఫోటో బాగుండదు.

నిర్వాహకుడు
గండికోట గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ జాయన్ వరకే.

ఎగిరేగద్ద
అందరూ కలిసి ఈయన్ను భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టేలా ఉన్నారు. నారోస్ గురించి సూటిగా చెబుతాను. కింది నుంచి పైకి నడిచేవారికి పర్మిట్ అక్కర్లేదు. పార్కువారి షటిల్ బస్సు చివరి స్టాపు టెంపుల్ ఆఫ్ సినవావాలో దిగి రివర్‌సైడ్ వాక్ అనే చదును బాట మీద మైలు దూరం నడిస్తే బాట అయిపోతుంది, అక్కడి నుంచి నదే దారి. బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్ళి వస్తే 9.4 మైళ్ళు, రోజంతా పడుతుంది. అంత దూరం వెళ్ళాలని ఎవరూ అనలేదు. అరగంట నడిచి వెనక్కి తిరిగినా నారోస్‌లో నడిచినట్లే. ఆగస్టులో నీళ్ళు ఒంటికి హాయిగా ఉంటాయి. అక్టోబరు చివరికైతే కాళ్ళు కొయ్యబారిపోతాయి, ప్రత్యేకమైన దుస్తులు అద్దెకు తీసుకోవాలి.

బూట్లు, నియోప్రీన్ (నీళ్ళలోనూ వెచ్చగా ఉంచే రబ్బరు) మేజోళ్ళు, చేతికర్ర స్ప్రింగ్‌డేల్‌లో అద్దెకు దొరుకుతాయి. డబ్బు మిగుల్చుకోవాలంటే బూట్లు మీ పాతవి వేసుకోండి, కర్ర దగ్గర మాత్రం పొదుపు వద్దు. అడుగున గుండ్రటి రాళ్ళు, నీళ్ళు బురదగా ఉంటే పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. కర్రతో ముందు తడిమి, ఆ తరువాత అడుగు వేయాలి.

ఎర్రమట్టి
సగమే చెప్పారు. నీళ్ళు హాయిగా ఉండే ఆ ఆగస్టులోనే వరదలు వస్తాయి. మీ నెత్తిన నీలాకాశం ఉంటుంది, ఎక్కడో మైళ్ళ దూరంలో ఎగువన మేఘం కురుస్తుంది, ఆ నీరంతా ఆ ఇరుకులోంచే వస్తుంది. 2015 సెప్టెంబరు 14న ఇదే పార్కులో కీహోల్ కేనియన్ అనే ఇరుకు గండిలో ఏడుగురు ఒకేసారి చనిపోయారు. 2022 ఆగస్టులో నారోస్‌లోనే నడుస్తున్నవారు కొట్టుకుపోయారు, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. గోడలు వెయ్యి అడుగులు, కొన్నిచోట్ల మధ్య వెడల్పు 20, 30 అడుగులు. పక్కకు జరగడానికి చోటు ఎక్కడ ఉంది?

ఎగిరేగద్ద
అందుకే రోజూ వరద అంచనా వేస్తారు. వాతావరణ శాఖ దానిని నాలుగు మెట్లుగా చెబుతుంది. రాదు, రావచ్చు, వచ్చే అవకాశం ఎక్కువ, వస్తుంది అని. విజిటర్ సెంటర్‌లో బోర్డు మీద ఉంటుంది. హెచ్చరిక జారీ చేస్తే నారోస్ మూసేస్తారు, ఎత్తేశాక కూడా రెండు గంటలు తెరవరు. ప్రవాహం సెకనుకు 150 ఘనపు అడుగులు దాటినా మూసివేతే. మూసి ఉంటే వెళ్ళవద్దు, తెరిచి ఉంటే వెళ్ళండి. ఇందులో జటిలమేముంది?

ఎర్రమట్టి
తెరిచి ఉండటం అంటే అభయహస్తం కాదు. ఆ బోర్డు మీద మొదటి మాట తప్ప ఏది ఉన్నా ఎనిమిదేళ్ళ పిల్లతో దిగకూడదు. బావమరిది పెద్దవాడు, ఆయన ఇష్టం.

రాళ్ళపిచ్చి
వరద అంత వేగంగా ఎందుకు వస్తుందో, మీ అమ్మగారు నడవబోయే బాట అంత చదునుగా ఎందుకు ఉందో రెండూ రాళ్ళే చెబుతాయి. కొంచెం ఓపికగా చదవండి.

ఆ నిటారు గోడలన్నీ నవాహో ఇసుకరాయి. జురాసిక్ కాలంలో, సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట, అక్కడ ఇసుక తిన్నెల ఎడారి ఉండేది. గాలికి ఒకదాని మీద ఒకటి పేరుకుని, పూడుకుపోయి, గట్టిపడిన తిన్నెలే ఇవి. మందం కొన్నిచోట్ల 2,000 అడుగులు. తూర్పు వైపు చెకర్‌బోర్డ్ మీసా దగ్గర కారు ఆపితే, రాతిలో ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అవి ఆనాటి తిన్నెల వాలులు, గాలి ఎటు వీచిందో వాటిని చూసి చెప్పవచ్చు.

ఈ ఇసుకరాయి వడ సాంబారును పీల్చుకున్నట్లు వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీరు నెమ్మదిగా దిగుతుంది. కింద కయెంటా అనే బురదరాతి పొర అడ్డం వచ్చేసరికి, ఇక దిగలేక పక్కకు, గోడలోంచి ఊటగా బయటపడుతుంది. రివర్‌సైడ్ వాక్‌లో నిటారు గోడకు ఫెర్న్‌లు, నాచు, పూల మొక్కలు వేలాడుతుంటాయి చూడండి. అవి ఆ ఊటల మీద బతికేవే. ఆ బొట్టు కొండ మీద వానగా పడి వెయ్యేళ్ళు దాటి ఉండవచ్చు.

ఉప్పుమిరప
రాయి వడలాగా పీల్చుకుంటుందంటున్నారు. అలాంటప్పుడు వరద ఎందుకు వస్తుంది? ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు.

రాళ్ళపిచ్చి
మంచి ప్రశ్నే. పీల్చుకోవడానికి తీరిక కావాలి. చలికాలపు మంచు మెల్లగా కరిగితే లోపలికి దిగుతుంది. ఆగస్టు మేఘం అరగంటలో కుమ్మరిస్తే రాయికి ఆ తీరిక ఉండదు. పైన మట్టి పలచన, చెట్లు తక్కువ, వాలు ఎక్కువ. నీరు నిలవకుండా జారి, పక్క గండులన్నింటిలోంచి ఒకేసారి నదిలో పడుతుంది.

ఇక చదును సంగతి. సుమారు 4,800 ఏళ్ళ కిందట సెంటినెల్ అనే కొండ భాగం కూలి లోయకు అడ్డంగా పడింది. వెనక చెరువు కట్టింది, అది కొన్ని వందల ఏళ్ళు నిలిచింది. చెరువు అడుగున పేరుకున్న ఒండ్రే ఇప్పుడు లోయ లోపలి జాయన్ లాడ్జి చుట్టుపక్కల, ఆ ఎగువన మీరు చూసే చదును నేల. అది కూలకపోయి ఉంటే లోయ అడుగు కూడా ఎగుడుదిగుడుగానే ఉండేది.

దారిన_పోయే_దానయ్య
రాళ్ళపిచ్చి గారూ, ఇది మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఇరిగేషన్‌లో పనిచేశారు. ఆ చెరువు గట్టు ఎలా తెగిందని అడుగుతున్నారు.

రాళ్ళపిచ్చి
ఇరిగేషన్ వారు అడగవలసిన ప్రశ్నే. నది కాలక్రమేణా కోసుకుంటూ దారి చేసుకుంది. ఆ కూలిన రాళ్ళ గుట్ట ఇప్పటికీ స్థిరపడలేదు. 1995లో అందులో ఒక ముక్క జారి నదికి అడ్డుపడితే, నది పక్కకు తిరిగి రోడ్డును కోసేసింది. లాడ్జిలో ఉన్నవారు కొంతకాలం బయటికి రాలేకపోయారు. షటిల్ కోర్ట్ ఆఫ్ ది పేట్రియార్క్స్ స్టాపుకు చేరేలోపు ఎడమ వైపు చూడమనండి.

మోకాలుచిప్ప
ఇంతసేపు చదివాను. ఒక్కరు కూడా అడగని ప్రశ్న నేను అడుగుతాను. మీ అమ్మానాన్నలను అడిగారా?

నాకు 71. మా అబ్బాయి కూడా మీలాగే నా మోకాళ్ళ గురించి ఇంటర్నెట్‌లో పదిమందిని సలహా అడిగాడు, నన్ను తప్ప. చివరికి తేల్చింది ఏమిటంటే నాన్న లాడ్జి ముందు బెంచీ మీద కూర్చుంటారు, మనం నడిచి వద్దాము అని. లాడ్జి ముందు పచ్చికలో పెద్ద కాటన్‌వుడ్ చెట్టు ఉంది, నీడ బాగుంటుంది, కాదనను. అయితే చెట్టు నీడ మా ఊళ్ళోనూ ఉంది.

నేను మర్నాడు మొదటి షటిల్ ఎక్కి ఒక్కడినే రివర్‌సైడ్ వాక్‌కు వెళ్ళాను. రానూ పోనూ 2.2 మైళ్ళు, ఎత్తు పెరిగేది 57 అడుగులే. సిమెంటు బాట, చక్రాల కుర్చీలు కూడా తోసుకుంటూ వెళుతున్నారు. ఆ వేళకు గోడల నీడ బాట మీదే ఉంటుంది. చివర నది దగ్గర పదిహేను ఇరవై మంది కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని నీళ్ళలోకి దిగుతున్నారు. నేనూ చెప్పులు విప్పి మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాను. దానికి ఎవరి సలహా అవసరం లేదు.

మీ అమ్మగారికి మెట్లు దిగడం కష్టం అన్నారు. ఆ బాటలో మెట్ల బాధ లేదు. పై నుంచి లోయను చూసే కేనియన్ ఓవర్‌లుక్ దారి మైలు దూరమే అని ఎవరైనా ఊరిస్తారు, నమ్మవద్దు. అక్కడ రాతి మెట్లు, ఎగుడుదిగుళ్ళు, పక్కన లోతు. లోయర్ ఎమరాల్డ్ పూల్స్ 1.2 మైళ్ళు. అది కాస్త వాలు, వచ్చేటప్పుడు దిగుడే. ఒక రోజు చూసి, మోకాలు బాగుంటే రెండో రోజు వెళ్ళండి.

ఎగిరేగద్ద
మోకాలుచిప్ప గారికి నా నమస్కారం. నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే.

ఎర్రమట్టి
మీరు చెప్పింది ఇది కాదు.

వేపపుల్ల
ఒక చిన్న మాట. నీళ్ళలో నిలబడటం వరకు సరే. అమ్మాయిని తల ముంచి ఆడనివ్వకండి, ఆ నీళ్ళు నోట్లో పోనివ్వకండి. ఆ నదిలో 2020లో విషపు సయనోబాక్టీరియా (నీటిలో పెరిగే సూక్ష్మజీవులు) కనిపించింది, అప్పటి నుంచి పార్కువారు హెచ్చరిస్తూనే ఉన్నారు. వడకట్టి తాగితే సరిపోతుంది అనుకునేవాళ్ళు ఉంటారు, సరిపోదు. కొన్ని షటిల్ స్టాపులలో మంచినీటి కుళాయిలు ఉన్నాయి, సీసాలు అక్కడే నింపుకోండి. మరుగుదొడ్లు చివరి స్టాపులో ఉన్నాయి, బాట మీద లేవు. పెద్దవాళ్ళు అక్కడే పని ముగించుకుని నడక మొదలుపెట్టడం మంచిది.

పిచ్చుకగూడు
ఇది నడక మాత్రమే కాదు కదా, చూడవలసినవి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఎండ దిగాక విజిటర్ సెంటర్ పక్క నుంచి పారస్ ట్రెయిల్ మీద నడవండి. మొత్తం 3.5 మైళ్ళు, చదును. మధ్యలో ఎక్కడైనా వెనక్కి తిరగవచ్చు. దారి పక్కన పెద్ద తెల్ల పూలు విచ్చుకుంటుంటాయి. మీ అమ్మగారు చూడగానే గుర్తుపడతారు, ఉమ్మెత్త. మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. సాయంత్రం విచ్చుకుని మర్నాడు ఎండ ఎక్కేసరికి ముడుచుకుపోతుంది, అందుకే పగలు తిరిగేవారికి కనిపించదు. విషమే, అమ్మాయిని ముట్టుకోనివ్వకండి. వినాయకుడి పూజకు పనికొస్తుందని కోయబోతారేమో, పార్కులో పువ్వు కోయడం నేరం.

నాగజెముడు పొదలు కూడా ఉంటాయి. రివర్‌సైడ్ వాక్‌లో నది రాళ్ళ మీద బూడిద రంగు చిన్న పిట్ట ఒకటి, డిప్పర్ అంటారు, గుంజీళ్ళు తీస్తున్నట్లు కిందికీ పైకీ ఊగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్ళలోకి దూకి, అడుగున తిరిగి మేత తిని పైకి వస్తుంది. మీ అమ్మాయికి అది చాలు, గంట గడిచిపోతుంది.

తల ఎత్తితే రాబందుల కోసం చూడండి. కాలిఫోర్నియా కాండర్ రెక్కల మీద నంబరు బిళ్ళ ఉంటుంది, రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు తొమ్మిదిన్నర అడుగులు. 1980లలో అడవిలో ఉన్నవన్నింటినీ పట్టి, జంతుశాలల్లో పిల్లలు చేయించి మళ్ళీ వదిలారు. ఆ కార్యక్రమం మొదలయ్యాక వెయ్యో పిల్ల 2019లో ఇదే పార్కులో గుడ్డులోంచి బయటికి వచ్చింది. కనిపించిన ప్రతి పెద్ద పక్షీ కాండర్ కాదు, టర్కీ వల్చర్లే ఎక్కువ. రెక్క కింద ముందు భాగంలో తెల్లటి పట్టీ ఉంటే అది కాండర్.

ఆదివారం_ప్రయాణికుడు
ఉడతల సంగతి కూడా చెప్పండి. మా అత్తగారు రివర్‌సైడ్ వాక్‌లో వేయించిన పల్లీలు తింటుంటే ఒకటి సంచిలోకే దూరింది. రాముడికి సాయం చేసిన ఉడత కదా అని ఆవిడ ఇంకో గుప్పెడు తీసింది. రేంజర్ వచ్చి ఆపింది.

పిచ్చుకగూడు
ఆ రాక్ స్క్విరల్‌కు వీపు మీద రాముడి వేళ్ళ గీతలు లేవని ఆవిడకు చెప్పవలసింది. గీతలు లేని ఉడత కరుస్తుంది. అక్కడ ఉడత కాటుకు కట్లు కట్టించుకునేవారు తరచూ ఉంటారు. మేత వేస్తే జరిమానా కూడా ఉంది.

ఉప్పుమిరప
బావమరిది గారి ఏంజెల్స్ ల్యాండింగ్ ఏమైంది? ఆయనను అందరూ మరిచిపోయారు.

ఎగిరేగద్ద
2022 ఏప్రిల్ నుంచి గొలుసులు పట్టుకుని ఎక్కే భాగానికి పర్మిట్ కావాలి. సీజనుకు ముందుగా తీసే లాటరీ ఒకటి, ముందురోజు తీసే లాటరీ ఒకటి. దరఖాస్తుకు 6 డాలర్లు, వస్తే మనిషికి 3 డాలర్లు. రాకపోయినా దిగులు వద్దు. స్కౌట్ లుకవుట్ దాకా పర్మిట్ లేకుండా ఎక్కవచ్చు. వాల్టర్స్ విగిల్స్ అనే 21 మెలికలు ఆ దారిలోనే ఉన్నాయి, కాళ్ళకు అక్కడికే సరిపోతుంది. పర్మిట్ వచ్చినా తెల్లవారుజామునే బయలుదేరాలి. ఎండ ఎక్కాక ఆ గొలుసులు పట్టుకుంటే చేతులు కాలతాయి, పైగా ఎదురొచ్చేవాళ్ళ కోసం ఆగి ఆగి ఎక్కాలి.

దారిన_పోయే_దానయ్య
మోకాలుచిప్ప గారి మాట విని నిన్న రాత్రి అమ్మను, నాన్నను కూర్చోబెట్టి అడిగాను. నాన్నకు ఆ కూలిన కొండ, 1995లో తెగిన రోడ్డు చూడాలి. అమ్మ నన్నే ఎదురు ప్రశ్న వేసింది. నీళ్ళలో నడవడానికి ఎవరిని రమ్మంటున్నారు, నన్నా మీ బావమరిదినా అని. తనకు అడుగు పెట్టాలని ఉందట, లోపలికి వెళ్ళాలని లేదట. మా ఆవిడ మాత్రం అందరం కలిసే అనే మాట మీదే ఉంది.

ఇదీ నా ఆలోచన. మొదటి రోజు సాయంత్రం చేరుకుని పారస్ మీద ఎంత నడవగలిగితే అంత. రెండో రోజు మొదటి షటిల్‌లో చివరి స్టాపుకు, అందరం రివర్‌సైడ్ వాక్. బోర్డు మీద మొదటి మాట ఉంటేనే బావమరిది నదిలోకి, మేము పదిన్నరకల్లా గదికి. సాయంత్రం లాడ్జి. మూడో రోజు మధ్యాహ్నం కేనియన్ ఓవర్‌లుక్‌కు వెళదామని మా ఆవిడ అంటోంది.

మోకాలుచిప్ప
మూడో రోజు మధ్యాహ్నం ఓవర్‌లుక్‌కు మీ ఆవిడను, బావమరిదిని పంపండి. అక్కాతమ్ముళ్ళు కలిసి నడిచినట్లూ ఉంటుంది, మీ అమ్మగారి మోకాలూ బతుకుతుంది.

ఎర్రమట్టి
మధ్యాహ్నం ఎవరినీ పంపవద్దు. అక్కడ కారు పెట్టుకునే చోటు కూడా చాలా తక్కువ, వెళితే తెల్లవారగానే వెళ్ళాలి. మిగతా పథకం బాగుంది. రెండు సవరణలు. విజిటర్ సెంటర్ పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది. స్ప్రింగ్‌డేల్‌లోనే ఉంటున్నారు కదా, కారు గది దగ్గరే వదిలి ఊరి షటిల్ ఎక్కి గేటు దాకా రండి. అదీ ఉచితమే. షటిల్ నడిచే కాలంలో లోయ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు. రెండోది, బావమరిదికి చివరి బస్సు వేళ రాసి జేబులో పెట్టండి. తప్పిపోతే 9 మైళ్ళ దాకా నడవాలి. లోయ లోపల ఫోను సిగ్నలు ఉండదనే అనుకోండి. ఏ వేళకు రాకపోతే రేంజరుకు చెప్పాలో బయలుదేరే ముందే మాట్లాడుకోండి.

ఎగిరేగద్ద
ఆయన లోపల ఉండగా చూసుకోవలసినవి కూడా రాసివ్వండి. నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారడం, కొమ్మలు, ఆకులు కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు, ఉరుము. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి పరిగెత్తడం కాదు, దొరికిన ఎత్తు మీదికి ఎక్కాలి. నాలుగడుగుల ఎత్తు కూడా ప్రాణం కాపాడుతుంది. నీళ్ళు తగ్గేదాకా దిగకూడదు, రాత్రయినా సరే.

ఎర్రమట్టి
ఇది మొదటే చెప్పి ఉంటే మీతో ఇంత గొడవ ఉండేది కాదు.

ఆదివారం_ప్రయాణికుడు
మూడో రోజుకు నా సలహా కోలబ్ కేనియన్స్. ఇదే పార్కులో వాయవ్య భాగం, ఐ-15 హైవే మీద 40వ ఎగ్జిట్. స్ప్రింగ్‌డేల్ నుంచి గంట ప్రయాణం. షటిల్ లేదు, జనం తక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి కాస్త చల్లన. 5 మైళ్ళ రోడ్డు మీద కారులోనే ఎర్ర గోడలన్నీ కనిపిస్తాయి. చివర టింబర్ క్రీక్ ఓవర్‌లుక్‌కు రానూ పోనూ మైలు నడక, అది మీ నాన్నగారికి. అమ్మగారికి కారు పక్కనే బల్లలు ఉన్నాయి, పులిహోర అక్కడ విప్పండి.

పెన్నాతీరం
పులిహోర అనగానే గుర్తొచ్చింది, గండికోటలో

నిర్వాహకుడు
వేరే చర్చ అని చెప్పాను.

దారిన_పోయే_దానయ్య
కోలబ్ ఖాయం. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, కారులో అందరం కలిసే ఉంటాము కాబట్టి. వేగస్‌లో విమానం మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. మూడు గంటల ప్రయాణం అంటే ఆరు లోపు చేరుకుంటాము కదా, పారస్ నడకకు వెలుతురు ఉంటుందా?

ఎర్రమట్టి
చేరుకోరు. యూటా గడియారం వేగస్ ఉన్న నెవాడా కంటే గంట ముందు. కారు అద్దె కౌంటరు దగ్గర వరస కూడా కలుపుకుంటే ఏడున్నర అవుతుంది. వెలుతురు కొంచెం ఉంటుంది, ఉమ్మెత్త పూలకు అదే సరైన వేళ. నీళ్ళు, మంచు గడ్డలు దారిలో తగిలే సెయింట్ జార్జ్ ఊళ్ళోనే కొనుక్కోండి, స్ప్రింగ్‌డేల్‌లో ధరలు ఎక్కువ. తిరిగి వచ్చే రోజు ఆ గంట మీకు కలిసొస్తుంది, దాన్ని చూసుకుని ఆలస్యంగా బయలుదేరకండి. సెయింట్ జార్జ్ దాటాక వర్జిన్ నది గండిలో రోడ్డు పనులు జరుగుతుంటే గంటసేపు ఆగవలసి వస్తుంది.

ఉప్పుమిరప
అంటే రోడ్డు మీద కూడా గండి తప్పదన్నమాట. దానయ్య గారూ, రైస్ కుక్కరు పట్టుకెళుతున్నారా లేదా? అసలైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

దారిన_పోయే_దానయ్య
రెండు. ఒకటి అమ్మది, ఒకటి మా ఆవిడది.